కీటకశాస్త్ర మార్గదర్శి లత్రేయ్

మానవుడు అనాదిగా ఏనుగును చూసి ఆశ్చర్యపడ్డాడు. సింహాన్ని చూసి భయపడ్డాడు. నెమలిని చూసి మురిసిపోయాడు. కాని తన పాదాల చెంత పాకిపోయే పురుగును మాత్రం ఆదరంతో చూసినవాడు అరుదు. పురుగు అనే మాటనే తిరస్కారానికి గుర్తుగా వాడుకున్నాడు. అయితే ఈ భూమిపై ఇంతవరకు శాస్త్రజ్ఞులు గుర్తించిన జంతుజాతులలో అధికభాగం కీటకాలే. ఆ కీటకాలలోనూ అగ్రస్థానం పెంకు పురుగులదే. ఇటువంటి అల్పప్రాణుల అధ్యయనానికి జీవితమంతా ధారపోసి, వాటి అపార ప్రపంచంలో ఒక క్రమాన్ని దర్శించి, చివరకు ఒక అల్పప్రాణి కారణంగానే మృత్యుముఖం నుండి బయటపడిన మహనీయుడు పియేర్ ఆంద్రే లత్రేయ్.

లత్రేయ్ 1762వ సంవత్సరం నవంబరు 29వ తేదీన ఫ్రాన్సు దేశంలోని బ్రీవ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆయన పుట్టుకే ఒక విషాదగాథ. తండ్రి ఎస్పన్యాక్ ప్రభువు. సైన్యంలో ఉన్నత పదవి నిర్వహించిన కులీనుడు. కాని వివాహబంధానికి వెలుపల పుట్టిన ఆ శిశువును ఆయన తన కుమారునిగా లోకానికి ఏనాడూ ప్రకటించలేదు. తల్లి బిడ్డను విడిచి వెళ్ళిపోయింది. ఆమె ఎవరో లోకానికి తెలియదు. వంశం పేరు చెప్పుకోవడమే గౌరవానికి మూలమైన ఆనాటి సమాజంలో ఆ బాలునికి చెప్పుకోవడానికి ఇంటిపేరే లేదు. లత్రేయ్ అన్నది ఎలా వచ్చిందో స్పష్టంగా తెలియని వాడుకపేరు మాత్రమే.

అమ్మ ఒడి దక్కని ఆ బాలుని ఊరి పెద్దలు కొందరు ఆదరించారు. బ్రీవ్ పట్టణంలోని ఒక వైద్యుడు అతని బాగోగులు చూశాడు. ఒక వర్తకుడు ప్రకృతిశాస్త్ర గ్రంథాలు చదవడానికి ఇచ్చి అతని కుతూహలాన్ని పెంచాడు. తోటి పిల్లలు ఆటపాటలలో మునిగి ఉన్న వయసులో అతని చూపు రాళ్ళ క్రింద, చెట్ల బెరడు మాటున, ఎండుటాకుల నడుమ సంచరించే పురుగులపై నిలిచింది. మనుషులలో తనవారెవరో తెలియని పిల్లవాడు పురుగులలో ఏది దేనికి బంధువో తెలుసుకోవాలని తపించడం విధి విలాసమే కావచ్చు.

తండ్రి బహిరంగంగా అంగీకరించకపోయినా చదువు విషయంలో కొంత సహాయం చేశాడు. ఆ సహాయంతో 1778లో లత్రేయ్ ప్యారిస్ నగరం చేరి కార్డినల్ లెమ్వాన్ కళాశాలలో విద్యార్థి అయ్యాడు. స్ఫటికాల నిర్మాణాన్ని పరిశోధించి తరువాతి కాలంలో ప్రఖ్యాతి పొందిన రెనే జస్ట్ ఆవీ అక్కడ ఆయనకు పరిచయమయ్యాడు. ఆవీ మతాచార్యుడు, శాస్త్రజ్ఞుడు కూడా. భక్తికీ పరిశోధనకూ విరోధం లేదని ఆయన జీవితమే చాటుతుండేది. ఆ మార్గంలోనే లత్రేయ్ కూడా మతవిద్యను అభ్యసించి 1786లో క్రైస్తవ మతగురువుగా దీక్ష స్వీకరించాడు. అయినా ఆయన మనస్సు ప్రకృతి పరిశీలనను వీడలేదు. తీరిక దొరికినప్పుడల్లా పొలాలవెంట, తోటలవెంట తిరిగి కీటకాలను సేకరించేవాడు. చీమలవలె కనిపించే, రెక్కలు లేని ఆడ కందిరీగల జాతులపై ఆయన రచించిన వ్యాసం 1792లో వెలువడి పండితుల దృష్టిని ఆకర్షించింది.

ఇంతలో ఫ్రాన్సు దేశాన్ని విప్లవం కుదిపివేసింది. 1789లో ఆరంభమైన ఆ మహోద్యమం రాజరికాన్ని కూలదోసింది. మతవ్యవస్థను ప్రభుత్వాధీనంలోకి తెచ్చే శాసనం 1790లో వెలువడింది. మతగురువులందరూ ఆ శాసనానికి కట్టుబడి ఉంటామని ప్రమాణం చేయాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. లత్రేయ్ నిర్ణీత గడువులోగా ఆ ప్రమాణం చేయలేదు. ఆయన ఏ చర్చిలోనూ అధికారం చెలాయించినవాడు కాదు. రాజకీయాలలో తలదూర్చినవాడూ కాదు. అయినా మతగురువు అన్న ఒక్క కారణం చాలింది. 1793 నవంబరులో ఆయనను నిర్బంధించారు. బోర్డో నగరంలోని చెరసాలలో తోటి మతగురువులతోపాటు మరణాన్ని ఎదురుచూస్తూ కాలం గడపవలసిన దుస్థితి ఏర్పడింది.

ఆ రోజులలో చెరసాల అంటే మృత్యువు వాకిలి. ఎప్పుడు ఎవరికి పిలుపు వస్తుందో తెలియదు. ఒకనాడు ఖైదీల ఆరోగ్యాన్ని పరీక్షించడానికి వైద్యుడు వచ్చాడు. ఆయనకు అక్కడ ఒక వింత దృశ్యం కనిపించింది. నేడో రేపో ప్రాణాలు పోనున్న ఒక ఖైదీ నేలపై వంగి, ఒక చిన్న పెంకు పురుగును ఏకాగ్రతతో పరిశీలిస్తున్నాడు. ఆశ్చర్యపడిన వైద్యుడు విషయమేమిటని ప్రశ్నించాడు. అది అరుదుగా లభించే జాతి అని లత్రేయ్ ప్రశాంతంగా వివరించాడు. భయం, నిరాశ రాజ్యమేలుతున్న ఆ చీకటి గదిలో ఆ జ్ఞానపిపాస వైద్యుని హృదయాన్ని కదిలించింది.

వైద్యుడు ఆ పురుగును తీసుకొని, కీటకాలపై ఆసక్తిగల ఒక బాలునికి పంపాడు. ఆ బాలుడు బోరీ ద సెయింట్ విన్సెంట్. అప్పటికి అతనికి పదిహేనేళ్ళ ప్రాయం మాత్రమే. ఆ పిన్న వయసులోనే అతడు ప్రకృతిశాస్త్ర గ్రంథాలు చదివినవాడు. లత్రేయ్ రచనలను ఎరిగినవాడు. ఇంతటి పండితుడు చెరసాలలో మగ్గుతున్నాడని తెలిసి అతడు ఊరకుండలేకపోయాడు. తెలిసిన పెద్దలను ఆశ్రయించి పట్టుదలతో ప్రయత్నించాడు. ఫలితంగా లత్రేయ్‌కు, ఆయనతోపాటు మరొక ఖైదీకి విముక్తి లభించింది. చెరసాలలో మిగిలిపోయిన సహచరులు ఎక్కువ కాలం బ్రతకలేదు. బోరీ కూడా తరువాతి కాలంలో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా ప్రసిద్ధి పొందాడు.

లత్రేయ్ ప్రాణాలు కాపాడిన ఆ పురుగు పేరు నెక్రోబియా రూఫికోల్లిస్. పొడవు అయిదారు మిల్లీమీటర్లకు మించదు. రెక్కల పెంకులపై నీలివన్నె, భుజభాగంలో ఎరుపు రంగు దాని గుర్తులు. ఎండిన మాంసంలో, ఎముకలలో, జంతుకళేబరాలలో అది నివసిస్తుంది. ఆ జాతిని డెన్మార్కు దేశీయుడైన ఫాబ్రీషియస్ 1775లోనే వర్ణించాడు. నెక్రోబియా అనే పదంలో మరణాన్ని, జీవితాన్ని సూచించే రెండు గ్రీకు మాటలున్నాయి. మృతదేహాలపై జీవించేది అని దాని భావం. లత్రేయ్ విషయంలో ఆ పేరు మరింత సార్థకమైంది. మరణం అంచున నిలిచినవానికి అది జీవితాన్ని ప్రసాదించింది.

విడుదలైన తరువాత లత్రేయ్ ఉపాధ్యాయవృత్తితో పొట్టపోసుకుంటూ పరిశోధన కొనసాగించాడు. ఐరోపాలోని కీటకశాస్త్రవేత్తలతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. ఫాబ్రీషియస్ ప్రోత్సాహంతో 1796లో కీటక ప్రజాతుల లక్షణాలను సహజక్రమంలో వివరించే గ్రంథాన్ని స్వగ్రామమైన బ్రీవ్‌లో స్వంత ఖర్చుతో ప్రచురించాడు. చేతిలో ధనం లేకపోయినా జ్ఞానాన్ని లోకానికి అందించాలన్న తపన ఆయనను ముందుకు నడిపింది. అయితే కష్టాలు అంతటితో తీరలేదు. 1797లో మళ్ళీ ఆయనను గృహనిర్బంధంలో ఉంచి, పుస్తకాలను స్వాధీనం చేసుకున్నారు. ఈసారి క్యూవియే, లాసెపెడ్, లామార్క్ వంటి మహాపండితులు అండగా నిలిచి ఆయనను విడిపించారు. 1798లో ప్యారిస్‌లోని జాతీయ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఆయనకు ఉద్యోగం లభించింది. అక్కడి కీటకసంపదను క్రమపరచడం ఆయన బాధ్యత. ఏ నీడా లేని జీవుడికి చివరకు ఒక ఆశ్రయం దొరికింది.

లత్రేయ్ సాధించిన ఘనకార్యం ఎంతటిదో గ్రహించాలంటే ఆనాటి శాస్త్రస్థితిని కొంత తెలుసుకోవాలి. స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ ప్రతి ప్రాణికి రెండు పదాలతో పేరుపెట్టే పద్ధతిని స్థిరపరచాడు. కీటకాలను ఆయన ప్రధానంగా రెక్కలనుబట్టి క్రమాలుగా విభజించాడు. ఆయన శిష్యుడైన ఫాబ్రీషియస్ రెక్కలను విడిచి, ముఖ భాగాల నిర్మాణాన్ని ప్రమాణంగా గ్రహించాడు. రెండు పద్ధతులలోనూ ఒకే లోపం ఉంది. ఒక్క అవయవాన్నే గీటురాయిగా చేసుకుంటే, నిజానికి దగ్గరి చుట్టాలైన ప్రాణులు దూరమవుతాయి. సంబంధం లేనివి ఒకచోట చేరుతాయి. గ్రంథాలయంలోని పుస్తకాలను అట్టల రంగునుబట్టి సర్దినట్లుగా ఉంటుంది ఆ ఏర్పాటు. వెతుక్కోవడానికి కొంత ఉపకరించవచ్చుగాని, ఏ పుస్తకానికి ఏ పుస్తకంతో సంబంధమో తెలియదు.

లత్రేయ్ ఈ లోపాన్ని గుర్తించాడు. వృక్షశాస్త్రంలో జుస్యూ అవలంబించిన సహజ వర్గీకరణ మార్గాన్ని కీటకలోకానికి అన్వయించాడు. స్పర్శశృంగాలు, ముఖ భాగాలు, కాళ్ళు, రెక్కలు, జీవనవిధానం అన్నింటినీ కలిపి చూడాలని నిశ్చయించాడు. అనేక ప్రజాతులు పరస్పరం అనేక లక్షణాలలో కలిసినప్పుడు వాటిని ఒక కుటుంబంగా పరిగణించాడు. క్రమానికీ ప్రజాతికీ నడుమ కుటుంబం అనే మెట్టును కీటకశాస్త్రంలో సుస్థిరం చేసినవారిలో ఆయనే ప్రథముడు. 1796 నాటి గ్రంథంలో ఆ కుటుంబాలకు సంఖ్యలు మాత్రమే ఉండేవి. తరువాత ఆయన వాటికి పేర్లు పెట్టాడు. కుటుంబమంటూ ఎరుగనివాడు కీటకాలకు కుటుంబాలు ఏర్పరచాడు.

1802లో ఆయన నామకరణం చేసిన కుటుంబాలలో కారబిడే ఒకటి. నేల పెంకు పురుగులు ఈ కుటుంబానికి చెందినవే. ప్రపంచం మొత్తంమీద దాదాపు నలభైవేల జాతులున్న మహాకుటుంబం ఇది. ఇందులో ఎక్కువ భాగం పగలు రాళ్ళ క్రింద, ఆకుల మాటున దాగి ఉండి, రాత్రివేళ వేటకు బయలుదేరతాయి. పొడవైన కాళ్ళతో నేలమీద వేగంగా పరుగెత్తుతాయి. కొడవళ్ళవంటి బలమైన హనువులతో చిన్న పురుగులను, గొంగళిపురుగులను, నత్తలను పట్టుకుంటాయి. అనేక జాతులు జీర్ణరసాలను ఎరపైకి వదలి, ద్రవంగా మార్చి పీల్చుకుంటాయి. వీటి డింభకాలలోనూ అధికభాగం వేటగాళ్ళే. తమను తాము రక్షించుకోవడానికి ఉదరం చివర గ్రంథుల నుండి ఘాటైన ద్రవాన్ని చిమ్ముతాయి. బాంబు పెంకు పురుగుగా ప్రసిద్ధమైన జాతులు ఈ విద్యలో మరీ ఆరితేరినవి. వాటి దేహంలో రెండు గదులున్నాయి. ఒకదానిలో నిలువచేసిన రసాయనాలు రెండవదానిలో ప్రవేశించి ఎంజైములతో కలిసిన వెంటనే ఉష్ణోగ్రత నీరు మరిగే స్థాయికి చేరుతుంది. ఆ వేడి ద్రవం చప్పుడుతో శత్రువుపైకి దూసుకుపోతుంది.

వేలకొలది రూపాలుగల ఈ పురుగులను ఒకే కుటుంబంగా గుర్తించడం సులభం కాదు. కొన్ని నల్లనివి, కొన్ని ఆకుపచ్చ లోహపు కాంతితో మెరిసేవి. కొన్ని రెండు మిల్లీమీటర్లయినా ఉండవు. కొన్ని బొటనవేలికన్నా పొడవైనవి. అయినా నిశితంగా పరిశీలిస్తే కొన్ని లక్షణాలు దాదాపు అన్నింటిలో కనిపిస్తాయి. స్పర్శశృంగాలు దారంవలె సన్నగా, పదకొండు ఖండాలతో ఉంటాయి. ప్రతి పాదంలోనూ అయిదు ఖండాలుంటాయి. వెనుక కాళ్ళ మొదటి ఖండం ఉదరపు తొలి ఫలకాన్ని చీల్చుకొని అమరి ఉంటుంది. ముంగాళ్ళపై స్పర్శశృంగాలను దువ్వి శుభ్రపరచుకోవడానికి ఒక నొక్కు ఉంటుంది. వీటిలో కొన్ని లక్షణాలు నీటిలో ఈదే మాంసాహార పెంకు పురుగులలోనూ ఉన్నాయి. అందుచేతనే నేటి శాస్త్రజ్ఞులు ఈ రెంటినీ అడిఫాగా అనే ఒకే ఉపక్రమంలో చేర్చారు. తిండిపోతులు అని ఆ గ్రీకు పదానికి అర్థం.

లిన్నేయస్ 1758లో కారబస్ అనే ఒకే ప్రజాతిలో ఎన్నో నేల పెంకు పురుగులను కుప్పగా పోశాడు. లత్రేయ్ ఆ కుప్పను విడదీసి హార్పాలస్, బెంబిడియాన్, లేబియా, నెబ్రియా, క్లివినా, పనాజియస్ మొదలైన ప్రజాతులను 1802లో ఏర్పరచాడు. ఆ పేర్లు నేటికీ చెక్కుచెదరలేదు. చార్లెస్ డార్విన్ కేంబ్రిడ్జిలో విద్యార్థిగా ఉన్నప్పుడు పెంకు పురుగులంటే ప్రాణం పెట్టేవాడు. ఒకనాడు చెట్టు బెరడు క్రింద రెండు నేల పెంకు పురుగులు దొరికితే చేతికొకటి పట్టుకున్నాడు. అంతలో అపురూపమైన పనాజియస్ కంటబడింది. చేతిలోని పురుగును వదలలేక నోట కరచుకున్నాడు. అది ఘాటైన ద్రవాన్ని గొంతులోకి చిమ్మింది. పాపం, డార్విన్ నోటిలోని పురుగును, కోరుకున్న పురుగును కూడా పోగొట్టుకున్నాడు. ఆ యువకుడు అంతగా ఆశపడిన పురుగు ప్రజాతికి పేరుపెట్టినవాడు లత్రేయే.

ఆయన తీర్మానాలన్నీ తిరుగులేనివని చెప్పడానికి వీలులేదు. పాదఖండాల సంఖ్యనుబట్టి పెంకు పురుగులను పెద్ద విభాగాలుగా చేసే పద్ధతిని జెఫ్రాయ్ 1762లో ప్రవేశపెట్టగా, లత్రేయ్ దానిని అనుసరించి విస్తరింపజేశాడు. అందులోని లోపాలను తరువాతివారు గుర్తించి సవరించారు. పులి పెంకు పురుగులను ఆయన వేరొక కుటుంబంగా నిలిపాడు. ఇరవైయవ శతాబ్దంలో అనేకులు వాటిని నేల పెంకు పురుగుల కుటుంబంలోనే చేర్చారు. జన్యుపదార్థాన్ని పరిశీలించే నవీన పద్ధతులు వచ్చిన తరువాత కొందరు శాస్త్రజ్ఞులు మళ్ళీ వాటిని వేరుచేశారు. వర్గీకరణ శిలాశాసనం కాదు. కొత్త సాక్ష్యం లభించినప్పుడల్లా మార్చుకోవలసిన తీర్పు. లత్రేయ్ స్వయంగా తన రచనలను జీవితాంతం సవరించుకుంటూనే వచ్చాడు.

ఆయన కృషి అపారమైనది. క్రస్టేషియన్లు, కీటకాలను గురించి 1802 నుండి 1805 వరకు పద్నాలుగు సంపుటాల బృహద్గ్రంథం వెలువరించాడు. 1806, 1809 సంవత్సరాల మధ్య లాటిన్ భాషలో మరొక నాలుగు సంపుటాలు ప్రకటించాడు. 1810లో రచించిన గ్రంథంలో ఒక్కొక్క ప్రజాతికి ప్రతినిధిగా ఒక్కొక్క జాతిని నిర్దేశించాడు. పేర్ల విషయంలో వివాదం తలెత్తినప్పుడు ప్రతినిధి జాతిని ఆధారంగా గ్రహించే సంప్రదాయానికి ఇది పునాది వేసింది. క్యూవియే 1817లో ప్రకటించిన జంతురాజ్యం అనే ప్రఖ్యాత గ్రంథంలో కీటకాలు, సాలీళ్ళు, క్రస్టేషియన్లకు సంబంధించిన భాగం రచించినవాడు లత్రేయే. నేల పెంకు పురుగుల సేకరణలో పేరుపొందిన సేనాని దెజాన్‌తో కలిసి ఐరోపా పెంకు పురుగులపై 1822లో ఒక సచిత్ర గ్రంథం ఆరంభించాడు.

గౌరవాలు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. యాభై ఏళ్ళు దాటిన తరువాత, 1813లో లత్రేయ్ అన్న ఇంటిపేరు ఆయనకు చట్టరీత్యా లభించింది. వందలకొలది ప్రజాతులకు పేర్లు పెట్టిన మహాపండితునికి తన పేరు తనదని చెప్పుకునే హక్కు అప్పటికిగాని దక్కలేదు. 1814లో ఫ్రాన్సు విజ్ఞానశాస్త్ర పరిషత్తులో సభ్యత్వం, 1821లో లెజియన్ ఆఫ్ ఆనర్ గౌరవం లభించాయి. లామార్క్ చూపు కోల్పోయిన తరువాత ఆయన పాఠాలను చెప్పిన భారం లత్రేయ్‌పైనే పడింది. 1829లో లామార్క్ మరణించగా, ఆయన పీఠాన్ని రెండుగా విభజించి కీటకాల శాఖకు లత్రేయ్‌ను ఆచార్యుడిగా నియమించారు. అప్పటికి ఆయన వయసు అరవై ఏడేళ్ళు. ఆరోగ్యం క్షీణించింది. పళ్ళన్నీ ఊడిన తరువాత రొట్టె చేతికి వచ్చిందని ఆయన చమత్కరించాడంటారు. ఆ చమత్కారం వెనుక ఒక జీవితకాలపు నిరీక్షణ దాగి ఉంది.

1832 ఫిబ్రవరిలో ఫ్రాన్సు కీటకశాస్త్ర సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఆయనను గౌరవాధ్యక్షునిగా ఎన్నుకున్నారు. ఆ సంవత్సరమే ప్యారిస్‌లో కలరా వ్యాధి ప్రబలింది. లత్రేయ్ ఆచార్యపదవిని విడిచి పల్లెప్రాంతానికి తరలివెళ్ళాడు. కొన్ని నెలల తరువాత తిరిగి నగరానికి వచ్చి, 1833 ఫిబ్రవరి 6వ తేదీన తన డెబ్బయ్యవ ఏట కన్నుమూశాడు. ఆయన శరీరాన్ని పేర్ లషేజ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. కీటకశాస్త్ర సంఘ సభ్యులు చందాలు సేకరించి ఆయన సమాధిపై స్మారక స్తంభాన్ని నిలిపారు. దానిపై చెక్కించినవి రాజచిహ్నాలు కావు; వంశముద్రలు కావు. నెక్రోబియా పురుగు బొమ్మ చెక్కించి, లత్రేయ్‌ను రక్షించినది ఇదేనని లాటిన్ భాషలో వ్రాయించారు. ఒక పురుగుకు మానవజాతి కృతజ్ఞత తెలిపిన అపూర్వ సన్నివేశమిది.

లత్రేయ్ ఏర్పరచిన క్రమం గ్రంథాలకే పరిమితం కాలేదు. ఆసియా దేశాల వరిపొలాలలో ఓఫియోనియా అనే నేల పెంకు పురుగు సంచరిస్తుంది. ఎర్రని దేహం, దానిపై నీలి నలుపు పట్టీలతో ఉండే ఈ పురుగు ఆకుముడత పురుగులను, దోమపోటుకు కారణమైన దోమలను తిని రైతుకు మేలు చేస్తుంది. ఏది మిత్రపురుగో, ఏది శత్రుపురుగో గుర్తించలేని రైతు పంటను కాపాడాలని మందు చల్లి, తన మిత్రులనే చంపుకుంటాడు. కనుక పురుగును గుర్తుపట్టడం, దాని కుటుంబమేదో తెలుసుకోవడం పండితుల కాలక్షేపం కాదు. అన్నం పెట్టే పొలానికి అవసరమైన విద్య.

తల్లిదండ్రుల ఆదరణ, ధనం, అధికారం ఏవీ లేకపోయినా లత్రేయ్ కుంగిపోలేదు. మృత్యువు వాకిట నిలబడిన క్షణంలోనూ కళ్ళెదుట ఉన్న చిన్న ప్రాణిని శ్రద్ధతో చూడడం మానలేదు. ఆ శ్రద్ధను గుర్తించిన వైద్యుడు, విలువ ఎరిగి స్పందించిన బాలుడు లేకుంటే ఒక మహాశాస్త్రజ్ఞుని జీవితం అక్కడితో ముగిసి ఉండేది. జ్ఞానాన్ని ఆరాధించడం ఎంత ముఖ్యమో, జ్ఞానిని గుర్తించి ఆదుకోవడం కూడా అంతే ముఖ్యమని ఆయన చరిత్ర బోధిస్తుంది. ఏ ప్రాణినీ అల్పమని తిరస్కరించరాదన్న సత్యానికి లత్రేయ్ జీవితమే నిదర్శనం.